సిపాయి సెలవు, ఎరవు బిందెలు

మొన్న ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. నేను చేసి దిగిన ఉద్యోగంలోకే కొత్తగా చేరబోతున్నారు. "మీ కాలంలో ఈ పని ఎట్లా ఉండేది మేడం?" అని అడిగారు. కాఫీ ఇచ్చి, ఎండ గురించి, బస్సుల గురించి ఏదో చెప్పి పంపేశాను. ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడడం నాకు చిన్నప్పుడూ రాలేదు, ఉద్యోగమంతా చేసినా రాలేదు. వాళ్ళు గేటు దాటి వెళ్ళాక చెప్పవలసిందంతా గుర్తుకొచ్చింది. అందుకే రాస్తున్నాను. నేను ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో, ఏ కాగితం ఎక్కడికి పంపాలో ఇందులో ఉండదు. అవి కచేరీలో ఎవరైనా నేర్పుతారు.

పని పేరు, పని

సైన్యంలో ఉన్నవాళ్ళ ఇళ్ళ బాగోగులు చూసే చిన్న కచేరీ అది, అనంతపురంలో. యాభైల చివర నేను చేరేటప్పటికి అందరూ మగవాళ్ళే. అందులోనూ పల్టన్‌లో పనిచేసి దిగినవాళ్ళే ఎక్కువ. పల్లెకు పోతే వాళ్ళకు అరుగు వరకే ప్రవేశం. సిపాయి భార్య తలుపు చాటున నిలబడి, ఏది అడిగినా "బాగుండామని చెప్పు" అని పిల్లల నోట చెప్పించేది. వంటింటి దాకా పోగల ఆడమనిషి కావాలని నన్ను తీసుకున్నారు. మా నాయన మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ఆయనకు తెలిసినవాళ్ళ మాట మీద దొరికిన ఉద్యోగం.

నా సంచిలో ఎప్పుడూ గ్రంథాలయం పుస్తకం ఒకటి ఉండేది. బస్సులో పుస్తకం తెరుచుకుంటే పక్కవాళ్ళు పలకరించరు. ఇంటికి వచ్చి డైరీ రాసుకునేదాన్ని. పగలు నోటితో అనలేనివన్నీ అందులో అనేదాన్ని.

మా పైఅధికారి గఫూర్ సాహెబు. సుబేదారుగా దిగినవాడు. తెల్లదొరల నాటి పాత యుద్ధంలో ఎడారుల్లో తిరిగి వచ్చినవాడు. మొదటి రోజు నన్ను కూర్చోబెట్టి చాలాసేపు చూసి, "బేటీ, నువ్వు మాట్లాడేరకం కాదు. మంచిదే. ఆడోళ్ళు మాట్లాడేకి సందు దొరుకుతాది" అన్నాడు. ఆ మాట మీదనే నేను ఉద్యోగం నెట్టుకొచ్చాను. గడప దగ్గర కూర్చుని మాట్లాడకుండా ఉంటే చాలు. కాసేపటికి ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పేస్తారు. ఇది మీకు కూడా పనికొస్తుంది.

సంతకం

సిపాయి చేరేటప్పుడు కొన్నేళ్ళకు ఒప్పుకుని చేరతాడు. ఆ గడువు తీరాక ఇంటికి రావచ్చు, లేదా మళ్ళీ కొన్నేళ్ళకు ఒప్పుకోవచ్చు. దీన్నే మా పల్లెల్లో "సంతకం పెట్టడం" అనేవారు. "మీవాడు సంతకం పెట్టినాడా?" అంటే ఇంకేం చెప్పనక్కరలేదు. సంతకం పెట్టే సమయం దగ్గరపడితే పల్టన్ వాళ్ళు మా కచేరీకి రాసేవారు, ఇంటి పరిస్థితి చూసి చెప్పమని. నా పనిలో ముఖ్యమైనది అదే.

పనితెలిసిన సిపాయి సంతకం పెట్టకుండా పోతే పల్టన్‌కు నష్టం. అందుకని పైవాళ్ళు వచ్చినప్పుడల్లా సిపాయిలు ఉండే బారకాసుల గురించి చెప్పేవారు. మంచి దుప్పట్లు ఇస్తున్నాం, మాంసం పెడుతున్నాం, ఆటస్థలాలు వేశాం అని. గఫూర్ సాహెబుది కూడా ఇంచుమించు అదే లెక్క. "సిపాయి కడుపుతో ఆలోచిస్తాడు బేటీ. లంగరులో కూర మంచిగుంటే ఉంటాడు. నీళ్ళకూరైతే పోతాడు." లంగరంటే పల్టన్ వంటసాల.

నేను విన్న సంగతులు వేరు. గుత్తి వైపు ఒకతను సంతకం పెట్టడానికి చెప్పిన కారణం కొళాయి. బారకాసులో తిప్పితే నీళ్ళు వస్తాయట. వాళ్ళ ఊళ్ళో అతని తల్లి తెల్లారకముందే చెలమ దగ్గర చేరి, ముంతతో తోడుకోవాలి. ఇంకొకతను మా ముందే సిగ్గుపడుతూ చెప్పాడు: "సెలవుకు వస్తే ఊరి రెడ్డి నన్ను ‘ఏమప్పా, ఎప్పుడొచ్చినావు’ అంటాడు. ముందర ‘ఒరే’ అనేటోడు. దిగి వస్తే మళ్ళా ‘ఒరే’ అంటాడు కదా సాహెబ్."  రొట్టెలు తినలేక, సంగటి ముద్ద కోసం దిగి వచ్చినవాళ్ళూ ఉన్నారు. కుటుంబాన్ని ఉంచుకోవడానికి క్వార్టరు ఇవ్వలేదని, "పెళ్ళాం మొగం మర్చిపోతాండా" అని దిగి వచ్చినవాడూ ఉన్నాడు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఏ మనిషీ పల్టన్‌ను ఒక్కదాన్నే తూచి చూడడు. ఒక పక్క బారకాసు, ఇంకొక పక్క ఇల్లు పెట్టి తూస్తాడు. మా పైవాళ్ళు ఎప్పుడూ ఒక పక్కనే బరువు వేస్తూ వచ్చారు. రెండో పక్కకు వచ్చి చూసినవాళ్ళు లేరు. మా జిల్లాలో సంతకాలు పెట్టించింది కూరా కాదు, దుప్పటీ కాదు. కరువు. అది నాకు ఒక ఇంట్లో పూర్తిగా తెలిసింది. ఆ ఇంటి సంగతి వివరంగా రాస్తాను.

తిమ్మక్క ఇల్లు

అరవైల నడిమి కరువు అది. వరసగా వానలు లేవు. రాయదుర్గం దారిలో బస్సు దిగి, బండ్ల బాటన లోపలికి నడిస్తే ఒక పల్లె వస్తుంది. పేరు రాయను. ఆ పల్లెలో వీధికి రెండు మూడు ఇళ్ళ నుంచి మగపిల్లలు పల్టన్‌లో ఉండేవారు. తిమ్మక్క కొడుకు ఓబులేసు అందులో ఒకడు. నాయక్ హోదాకు వచ్చాడు. ఉత్తరాన కొండల్లో ఉన్నాడు. సరిహద్దు గొడవల వల్ల మూడేళ్ళుగా అతనికి సెలవు దొరకలేదు. అతని గడువు తీరబోతోందని పల్టన్ నుంచి మాకు రాసినప్పుడు నేను ఆ ఇంటికి పోయాను.

ఇంట్లో తిమ్మక్క, ఓబులేసు భార్య లింగమ్మ, వాళ్ళ కూతురు, చనిపోయిన పెద్దకొడుకు పిల్లలు ముగ్గురు. పెద్దకోడలు పుట్టింటికి పోయి మళ్ళీ రాలేదు. బావి ఎండిపోయింది. బావి ఒడ్డున కపిల లాగే గిలక మాత్రం మిగిలింది, తాడు లేదు. ఎద్దులు మేత లేక సంతకు పోయాయి. ఇత్తడి సామాను ఒక్కొక్కటే గింజలకు మారిపోయింది. ఇప్పుడు ఇంట్లో ఉన్నవి మట్టి కుండలు. ఓబులేసు పంపే డబ్బు ఒక్కటే ఆధారం. దాని మీద ఆ అత్తాకోడళ్ళు, నలుగురు పిల్లలు బతుకుతున్నారు. ఆ డబ్బుకు కూడా గింజలు సరిగా దొరకని రోజులవి.

నేను పోయింది మధ్యాహ్నం. పొయ్యి మీద రాగిపిండిలో చింతగింజల పిండి కలిపి అంబలి కాస్తోంది లింగమ్మ. పక్కన చేటలో బలుసాకు ఉంది. చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి దంచాలి. సగం రోజు ఆ పనికే పోతుంది. తిన్నాక కడుపులో రాయి పడినట్టు ఉంటుంది. ఆకలి తెలియదు. దాన్ని తినేది అందుకే.

"పాపా, ఇవన్నీ వానికి రాయగాకు" అంది తిమ్మక్క. "ఆడ తుపాకి పట్టుకోని నిలబడింటాడు. మనసు ఈడ పెట్టుకుంటే చెయ్యి యాడుంటాదో. అంతా బాగుండాదనే రాయిస్తాండాము."

"సంతకం పెడతాడా?" అని అడిగాను.

"పెట్టక? ఏం జూసి వస్తాడు, ఈ గిలకనా?" అంది లింగమ్మ పొయ్యి ఊదుతూ. నవ్వింది కూడా.

ఇంటి పరిస్థితి బాగాలేదని, కొడుకు పంపే డబ్బు మీదనే కుటుంబం ఆధారపడి ఉందని నేను పల్టన్‌కు రాశాను. ఆ కాగితం పైవాళ్ళు చూసేదే, సిపాయికి చూపరు. ఆ పని అక్కడితో అయిపోయిందనుకున్నాను.

"మా ఇంట్లో వరిబువ్వ సాహెబ్!"

తర్వాత కొన్నాళ్ళకు ఓబులేసు సెలవు మీద వచ్చాడు. రెండు నెలల సెలవు. అది సగం గడిచాక మా కచేరీకి వచ్చాడు. పొడుగు మనిషి. కొండల చలికి చెంపలు నల్లబడి పగిలి ఉన్నాయి. గఫూర్ సాహెబుకు సలాము చేసి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సాహెబ్, నేను సంతకం పెట్టను. దిగొస్తా. చెప్పి పోదామని వస్తి."

"ఏమప్పా, హవల్దారు అయ్యే టైముకు దిగొస్తావా? ఇంట్లో ఏముండాదని?"

"ఏముండాదా? మా ఇంట్లో వరిబువ్వ సాహెబ్! కరువు కరువని ఆడ చెప్పుకుంటాంటే నాకు నిద్ర పట్టేది కాదు. వచ్చి చూస్తే గాదెలో బియ్యముండాయి. కొట్టంలో ఎద్దులుండాయి. బావిలో నీళ్ళు తగ్గినాయి, అది నిజమే. రెండు మట్లు లోతు తవ్వితే జల పడుతుంది. ఆడోళ్ళే ఇంత నిలబెట్టినారంటే, నా రెండు చేతులు కూడా పడితే ఇంకేం గావాల?" కొంచెం ఆగి, నవ్వి, "నా బిడ్డ నన్ను చూసి ‘ఎవరీయన’ అనె సాహెబ్. మూడు దినాలు నా దగ్గరికి రాల్యా. చాలు ఆ కొలువు" అన్నాడు.

నేను పక్క బల్ల దగ్గర తలవంచుకుని కూర్చున్నాను. గాదెలో బియ్యం ఎక్కడివి? ఎద్దులు ఎక్కడివి? నేను పోయి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఒక్క వాన పడలేదు.

అతను వెళ్ళాక సాహెబుకు చెప్పాను. ఆయన మీసం దువ్వుకుంటూ విన్నాడు. "అది వాళ్ళింటి సంగతి. సిపాయి నిర్ణయం సిపాయిది. మనం నడమ దూరకూడదు."

నేను సాహెబుకు ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే.  "ఆయనకు తెలియకుండా చేస్తే అది ఆయన నిర్ణయం ఎట్లా అవుతుంది సాహెబ్?"

ఆయన ఖర్చుల పుస్తకం నా వైపు తోశాడు. "బస్సు చార్జీ కచేరీ ఖర్చులో రాసుకో" అన్నాడు.

సెలవు మర్యాద

పోయి చూస్తే అది వేరే ఇల్లు. గోడలకు సున్నం, గడపకు పసుపు. దండెం మీద కొత్త దుప్పటి. వంటింట్లో వరసగా ఇత్తడి బిందెలు తళతళలాడుతున్నాయి. మా ప్రాంతంలో ఇత్తడి సామాను మీద పేరు కొట్టిస్తారు. ఒక బిందె మీద పక్కింటి నారాయణప్ప పేరుంది. ఇంకొక గుండిగ మీద ఎదురింటివాళ్ళది. మీరు ఏ ఇంటికి పోయినా సామాను మీద ఎవరి పేరుందో చూడండి. అడగకుండానే సగం తెలుస్తుంది.

ఓబులేసు పొలం కాడికి పోయాడు. ఆ సందు చూసుకుని పక్కింటి ముసలాయన గోడ మీదుగా తొంగి చూసి, గుసగుసగా అరుస్తున్నాడు: "తిమ్మక్కా, నా ఎద్దులు ఎప్పుడిస్తావు? బండి కట్టాల్నే!"

"గమ్మునుండప్పా! వాడు ఎద్దుల్ని చూసి మడక కట్టి దున్నుదామంటాండాడు. ‘అలిసిపోయినాయిరా, ఉండనీ’ అని చెప్పలేక నా నోరు పోతాంది."

"అలిసేకి అవేం చేసినాయి మీ ఇంట్లో, తినడం తప్ప?"

వాళ్ళ మాటలకు నాకు నవ్వొచ్చింది. కానీ లింగమ్మ మొహం చూసి ఆపుకున్నాను.

తర్వాత తిమ్మక్కే చెప్పింది. ఆ వీధిలో అది ఎప్పటి నుంచో ఉన్న కట్టుబాటు, దాని పేరు సెలవు మర్యాద. పాత యుద్ధం నాడు ఒక సిపాయి కరువులో సెలవుకు వచ్చి, ఇంట్లో పస్తులు చూసి పోయాడు. పోయినవాడు మళ్ళీ రాలేదు. ఇంటి బెంగ వల్లనే అజాగ్రత్తగా ఉండి చనిపోయాడని వీధి ఆడవాళ్ళు నమ్మారు. అప్పటి నుంచి ఎవరి కొడుకు సెలవుకు వచ్చినా వీధంతా కలిసి ఆ ఇంటిని నింపుతుంది. బియ్యం ఒకరు, బిందెలు ఒకరు, గొడ్లు ఒకరు. వాడు వచ్చే ముందు వారాల తరబడి అందరూ స్నానాలు మాని నీళ్ళు దాస్తారు. వాడు పోయాక ఎవరివి వారికి చేరతాయి. తర్వాత ఇంకొకరి వంతు.

"పోయేటప్పుడు బిడ్డ నిండు మనసుతో పోవాల" అంది తిమ్మక్క. "తప్పా?"

"ఈయన పోయినా అక్కడ ఉండడు కదా అవ్వా. సంతకం పెట్టనని కచేరీలో చెప్పినాడు" అన్నాను.

తిమ్మక్క చేటలో బియ్యం ఏరుతోంది. చేతులు ఆగిపోయాయి. ఆ మాట ఆమెకు తెలియదు. లింగమ్మకు తెలుసు. ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది.

సెలవు మర్యాద రెండు నెలలకు సరిపోయేది. జీవితమంతా చేయడానికి ఏ వీధి దగ్గరా అన్ని గింజలు లేవు. అతను దిగి వస్తే పంపే డబ్బు ఆగిపోతుంది. బావిలో నీళ్ళు లేవు. అతను కూడా సర్కారు పెట్టిన కరువు పనిలో కంకర కొట్టాలి. ఇంట్లో తినే నోరు ఇంకొకటి పెరుగుతుంది. అక్కడున్న మా ముగ్గురికీ ఇది తెలుసు.

"నువ్వు చెప్పొచ్చు కదా" అన్నాను లింగమ్మతో.

"ఏమని చెప్పాలక్కా?" గోడ వైపే మాట్లాడింది. "సంతకం పెట్టు అంటే, ‘నేనొద్దా నీకు?’ అంటాడు. మూడేండ్లు కండ్లజూడని మొగుడు. నాకు మాత్రం ఆయన ఉండాలని ల్యాదా? ఉండు అని చెప్పేకి నోరొస్తాది గానీ, పో అని చెప్పేకి ఎట్లొస్తాది?"

"వద్దే! చెప్పొద్దు" అంది తిమ్మక్క. "వీధి వీధి నవ్వుతాది. ఇన్నేండ్లలో ఏ ఇంటోళ్ళూ బయటపెట్టల్యా. మనమే పెట్టాల్నా?"

"మరి ఆయన వచ్చి ఏం తింటాడు అత్తా? నారాయణప్ప బిందె తింటాడా?"

తిమ్మక్క నన్ను అడిగింది, కచేరీ తరఫున నువ్వే చెప్పరాదా పాపా అని. నేను చెబితే అది కచేరీ మాట అవుతుందని, పల్టన్‌లో ఉంచుకోవడానికి చెబుతున్నారనుకుంటాడని అన్నాను. ఇప్పటికీ అది సరైన మాటే అనుకుంటాను. ఆ ఇంటి సంగతి ఆ ఇంట్లోవాళ్ళే విప్పాలి. 

లింగమ్మ లేచింది. "నేనేం చెప్పను. పెడతా" అని పొయ్యి దగ్గరికి పోయింది.

మధ్యాహ్నం భోజనం

ఓబులేసు వచ్చి కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. నన్ను చూసి, "ఆపీసు నుంచి వచ్చినారా అమ్మా? తిని పోండి. మా ఇంట్లో బువ్వకు కొరత ల్యాదు" అన్నాడు. లింగమ్మ అతని ముందు మట్టి మూకుడు పెట్టింది. అందులో నల్లటి అంబలి. పక్కన ఉడికించిన బలుసాకు.

అతను మూకుడు వైపు చూసి నవ్వాడు. "ఇదేందే, ఎద్దులకు కాంచింది నాకు పెడితివి?"

"మనం తినేది" అంది లింగమ్మ.

అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ఏదో పరాచకం అనుకుని. అప్పుడు కూతురు వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. మూకుడులోకి చూసింది. ఆ పిల్లకు అది కొత్త కాదు. వేలితో తీసుకుని నాకి, నాయనమ్మ వైపు తిరిగి అడిగింది.

"అవ్వా, నాయన ఈపొద్దు పోతాండాడా?"

 పెద్దవాళ్ళకు వినబడలేదేమోనని మళ్ళీ అడిగింది. "బువ్వ అయిపాయె కదా. నాయన పోతాండాడు కదా?"

ఓబులేసు నవ్వు మొహం మీద అట్లాగే కొంచెంసేపు నిలిచి, తర్వాత పోయింది. వంటింట్లో వరసగా ఉన్న బిందెల వైపు చూశాడు. కొట్టం వైపు చూశాడు. అతను ఆ వీధిలో పుట్టినవాడే. ఇంకొకరి కొడుకు సెలవుకు వచ్చినప్పుడు చిన్నతనంలో తనూ బిందెలు మోసి ఉంటాడు. తన ఇంటికి కూడా అవే వస్తాయని తోచలేదంతే. అంత ఆశగా ఉన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"రెండేండ్లు" అంది లింగమ్మ.

అతను మూకుడు చేతిలోకి తీసుకుని ఏమీ మిగల్చకుండా తిన్నాడు. చేయి కడుక్కున్నాడు. లేచి వంటింట్లోకి పోయి నారాయణప్ప బిందె భుజం మీద పెట్టుకుని బయటికి నడిచాడు. పట్టపగలు, వీధి మధ్యన. దాన్ని ఇచ్చి వచ్చి ఇంకొకటి తీసుకున్నాడు. తర్వాత ఎద్దుల్ని విప్పాడు. వీధి ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. తిమ్మక్క గడప మీద కూర్చుని చెంగు నోట్లో కుక్కుకుంది.

"వీధి ముందర నా తల కొట్టేస్తివి కదే" అంది కోడలితో. లింగమ్మ మూకుడు కడుగుతోంది. తల ఎత్తలేదు.

చివరి గుండిగ ఎదురింటి పెద్దావిడది. దాన్ని అందుకుంటూ ఆమె అతని చేయి వదల్లేదు. "నాయనా, మావాడు వచ్చే నెల వస్తాడు. వానికి చెప్పొద్దు. నీ కాళ్ళు మొక్కుతా."

ఓబులేసు ఆమెను చూస్తూ నిలబడ్డాడు. అతనికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"చెప్పను పెద్దమ్మా" అన్నాడు.

తృప్తి చెంది

అతను సంతకం పెడతానని చెప్పడానికి కచేరీకి మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చున్నాడు. గఫూర్ సాహెబు ఏమీ అడగకుండా టీ తెప్పించాడు. కారణం రాయవలసిన చోట సాహెబు తన చేత్తోనే, సర్వీసు పరిస్థితులతో తృప్తి చెంది కొనసాగుతున్నాడని రాశాడు. నేను చూస్తున్నానని తెలిసి, "కరువు అని రాసేకి అందులో చోటు ల్యాదు బేటీ" అన్నాడు. ఆ తర్వాత ఆయన లంగరు కూర గురించి మాట్లాడగా నేను వినలేదు.

పైవాళ్ళు ఆ కాగితాలు చూసి, మా జిల్లా సిపాయిలు పల్టన్ జీవితం ఇష్టపడి ఉండిపోతున్నారని సంతోషించేవారు. మీకు కూడా అట్లాంటి కాగితాలు వస్తాయి. నమ్మకండి. ఉండిపోయినవాడు అక్కడి సుఖం చూసి ఉన్నాడో, ఇక్కడి బాధ చూసి ఉన్నాడో కాగితం చెప్పదు. మేం క్వార్టరు కోసం కూడా రాశాం. కుటుంబాన్ని తీసుకుపోతే కనీసం కలిసి ఉంటారని. ఖాళీలు లేవని జవాబు వచ్చింది. దొరికినా తిమ్మక్కను, పెద్దకొడుకు పిల్లల్ని ఎక్కడ వదలాలో ఎవరికీ తెలియదు.

ఆ వీధిలో కొన్నాళ్ళు లింగమ్మతో ఎవరూ మాట్లాడలేదు. కట్టుబాటు తప్పిందని. ఎదురింటి కొడుకు సెలవుకు వచ్చినప్పుడు బిందెలన్నీ మళ్ళీ ఆ ఇంటికి పోయాయి. అతనికి ఇంకా గడువు ఉంది కాబట్టి నిండు మనసుతోనే తిరిగిపోయాడు.

స్టేషను

ఓబులేసు సెలవు ముగిసి పోయే రోజు నేను స్టేషనుకు పోయాను. టికెట్టుకు బదులు సిపాయికి ఇచ్చే రైలు వారంటు మీద ముద్ర వేయించాలని పోయాను గానీ, ఆ పని బంట్రోతు కూడా చేయగలడు. తిమ్మక్క రాలేదు. బిందెలు తిరిగిచ్చేసిన రోజు నుంచి ఆమె కొడుకుతో సరిగా మాట్లాడలేదట. అతనికి అన్నం వండి పెట్టే హక్కు తన నుంచి లాక్కున్నారని ఆమె బాధ. లింగమ్మ, పాప వచ్చారు. పాప తండ్రి వేలు పట్టుకుని ఉంది. ఇప్పుడు ఆ పిల్లకు అతను అలవాటయ్యాడు.

గుంతకల్లు వైపు పోయే బండి వచ్చి నిలబడింది. ఓబులేసు ట్రంకు పెట్టె ఎక్కించి, కిందికి దిగి నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఒగ మాట. ఆడ మంచులో పహరా నిలబడినప్పుడు చేతులు కొయ్యలైపోతాయి. అప్పుడు నేను మా వంటిల్లు తల్చుకునేవాణ్ణి. అమ్మ బువ్వ పెడతాండాదని, బిడ్డ పక్కన కూకోని తింటాండాదని. అందరూ అట్లనే, ఇల్లు తల్చుకునే నిలబడతారు. అబద్ధమైతేనేం, నాకూ అదొకటి ఉండె. ఇప్పుడు ఏం తల్చుకోవాల్నో చెప్పు."

అది నిందో, అడగడమో నాకు తెలియలేదు. నేను చదివిన పుస్తకాల్లో దేనిలోనూ దానికి జవాబు లేదు.  గార్డు ఈల వేశాడు.

లింగమ్మ ముందుకు వచ్చింది. నలుగురిలో మొగుడితో ఎదురుగా నిలబడి మాట్లాడడం ఆమెకూ అలవాటు లేదు.

"మేము నిజంగా తింటాండేది తల్చుకో" అంది. "ఆ మూకుడే తల్చుకో. అందులో రాగిపిండి నువ్వు పంపింది. చింతగింజలు నేను దంచింది. ఇద్దరం కాంచిందే కదా అది."

అతను ఆమెను చూశాడు.  బండి కదిలింది. ఓబులేసు పాప చేతిలోంచి తన వేలు విడిపించుకుని పరిగెత్తి ఎక్కి, తలుపు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. చేయి ఊపలేదు. లింగమ్మ కూడా ఊపలేదు. బండి పూర్తిగా కనుమరుగయ్యేదాకా ఆమె అట్లాగే నిలబడి, తర్వాత పాపను చంకన వేసుకుని, "చింతగింజలు నానబోసి వచ్చినానక్కా, పులిసిపోతాయి" అని బస్సుల వైపు నడిచింది.